నోటితో అన్నీ చెప్తాడు, రాయమంటే ఏడుస్తాడు

ప్రశ్న: మాది కరీంనగర్. బాబుకి తొమ్మిదేళ్లు, ఇంగ్లీష్ మీడియంలో నాలుగో తరగతి. పాఠం చదివి వినిపిస్తే జవాబులన్నీ గడగడా చెప్తాడు. రాయమంటే సగం అక్షరాలు ఉండవు. తెలుగులో వత్తులు, దీర్ఘాలు వదిలేస్తాడు. టీచర్ బద్ధకం అంటున్నారు. రోజూ రెండు గంటలు ట్యూషన్ పెట్టించాం. మావారు పదో తరగతి తప్పి చదువు మానేశారు. వీడూ తనలాగే అవుతాడని కొడుతున్నారు. బడికి వెళ్లే టైంకి బాబు కడుపునొప్పి అంటాడు. ఒక డాక్టర్ డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది కావచ్చన్నారు. ఆ ఇబ్బంది ఉన్నట్టు సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుందని మావారి భయం. థెరపీతో నయమవుతుందా? ఐదేళ్ల పాప కూడా ఉంది.

జవాబు: అమ్మా, ముందు కొట్టడం ఆపించండి. అది ఈ రోజే జరగాలి, మిగతావి మెల్లగా చేసుకోవచ్చు. మీరు చెప్పినవి డిస్లెక్సియాలో తరచూ కనిపించే లక్షణాలే. పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేం కానీ, విని అన్నీ చెప్పగలిగే పిల్లాడిని బద్ధకస్తుడు అనడం అన్యాయం.

డిస్లెక్సియా జబ్బు కాదు, దానికి మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కులకు డబ్బు తగలెయ్యకండి. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జత చేయడం ఈ పిల్లలకు కష్టం. అది తెలివికి సంబంధించింది కాదు. అందుకే ట్యూషన్ గంటలు పెంచితే లాభం ఉండదు. బళ్లో అర్థం కాని పద్ధతినే సాయంత్రం మళ్లీ రుద్దినట్టవుతుంది. వాడికి కావాల్సింది వేరే రకం బోధన.

స్పెషల్ ఎడ్యుకేటర్ చేసేది అదే. మొదట చెవితో పని. 'కమలం'లో 'క' తీసేస్తే ఏం మిగులుతుంది అని అడుగుతారు. తర్వాత ఒక్కో అక్షరాన్ని పైకి పలుకుతూ, ఇసుకలో వేలితో దిద్దిస్తూ నేర్పుతారు. కన్ను, చెవి, చెయ్యి కలిసి పనిచేయాలి. తెలుగులో ముందు అక్షరం, తర్వాత గుణింతం గుర్తు, ఆ తర్వాతే వత్తు. ప, ష, స లాంటి ఒకే పోలిక ఉన్నవి ఒకేసారి పెట్టరు. ఇంగ్లీషులో స్పెల్లింగ్ బట్టీ పట్టించకుండా శబ్దాల నుంచి మొదలుపెడతారు. నిన్నటిది స్థిరపడితేనే ఇవాళ కొత్తది. వారంలో కొన్ని రోజులు, తక్కువ సేపు, కానీ మానకుండా సాగాలి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. చదవడం నెమ్మదిగానే ఉండిపోవచ్చు, అయినా వాడు చదవగలుగుతాడు. చేతిరాత బాగా ఇబ్బందిగా ఉంటే చేతి పనులకు శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపీ, మాటల్లోనూ తడబాటు ఉంటే స్పీచ్ థెరపీ తోడవుతాయి. అందరికీ అన్నీ అవసరం లేదు.

కంటిచూపు, వినికిడి ముందే చూపించండి. కడుపునొప్పి సంగతి పిల్లల డాక్టర్‌కి చెప్పండి, అది టెన్షన్ వల్లే అని మనమే తేల్చుకోకూడదు. తర్వాత క్లినికల్ సైకాలజిస్టు పరీక్ష. హైదరాబాద్ వెళ్లగలిగితే ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగంలో అడగండి.

సర్టిఫికెట్ విషయంలో మీవారికి ఇది చెప్పండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందికి చోటుంది. దీన్ని తొందరగా గుర్తించి తగిన బోధన ఇవ్వడం గుర్తింపు ఉన్న బడుల బాధ్యత. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈలో మూడు గంటల పరీక్షకు అదనంగా ఒక గంట, రాసిపెట్టే మనిషి సాయం దొరుకుతాయి. మన రాష్ట్ర బోర్డు పదో తరగతికీ వెసులుబాట్లున్నాయి. ఆ కాగితం చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. 'బద్ధకం' అనే ముద్ర మాత్రం ఇప్పటికే అందరి ముందూ పడింది.

ఇంకో మాట. డిస్లెక్సియా తరచూ కుటుంబాల్లో వస్తుంది. మీవారికీ చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉండి ఉండవచ్చు, ఎవరూ గుర్తించి ఉండరు. తప్పు పట్టకుండా, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. "నాకూ అక్షరాలు కుదిరేవి కావురా" అని ఆయన నోటితో వింటే బాబుకి ఎంత ధైర్యమో!

ఇంట్లో తప్పు మాటల్ని పదిసార్లు రాయించకండి. రాత్రి మీరే కథ చదివి వినిపించండి. టీచర్‌ని కలిసి, క్లాసులో పైకి చదివించవద్దనీ, కొన్ని జవాబులు నోటితో అడగమనీ కోరండి.

పాపనూ గమనిస్తూ ఉండండి. ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు చెప్పుకునే ఆట ఆడించండి. ఒకటో తరగతిలో అక్షరాలు తోటి పిల్లల్లా పట్టుబడకపోతే నాలుగో తరగతి దాకా ఆగకండి.