కోతికి మలేరియా వస్తే ఎందుకు పడిపోదు?

సిద్ధవటం దగ్గర మీ ఊళ్లోకి లంకమల అడవి నుంచి కోతులు దిగుతున్నాయని, మలేసియాలో పామాయిల్ తోటలో పనిచేస్తున్న మీ తమ్ముడు అక్కడ కోతుల మలేరియా మనుషులకు వస్తోందని ఫోనులో చెప్పాడని రాశారు. మన కోతులకూ అది ఉంటుందా, ఉంటే అవి గోడల మీద గంతులు ఎలా వేస్తున్నాయి, మీ ఊరి పెద్దలు అంటున్నట్లు వేపాకు తినడం వల్లనా అని అడిగారు. కడప జిల్లా ఆరోగ్య కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా, గాజు పలక మీద పరిచిన రక్తపు పూతలు సూక్ష్మదర్శినిలో చూస్తూనే రిటైరయ్యాను కాబట్టి తెలిసింది చెబుతాను. ముందు వేపాకు సంగతి తీసేద్దాం. కోతి వేపపండు తింటుంది, చిగురూ కొరుకుతుంది. దానికీ మలేరియాకూ సంబంధం లేదు.

కోతులకు మలేరియా వస్తుంది. మన వైపు గుళ్ల దగ్గర కనిపించే, నెత్తి మీద జుట్టు టోపీలా పరుచుకున్న కోతిని బోనెట్ కోతి అంటారు. ప్లాస్మోడియం ఇనుయి, సైనోమోల్గి, ఫ్రాజిలే అనే పరాన్నజీవులు ఈ జాతి కోతుల్లో ఉంటాయి. నీలగిరుల కోతుల్లో మలేరియాను 1960ల నాటికే గుర్తించారు. దాన్ని మోస్తున్న దోమ అనాఫిలిస్ ఎలెగాన్స్ అని 1963లో తేల్చారు. అయితే ఈ తరహా దోమలకు దట్టమైన, తడి ఆరని అడవి కావాలి. కలివికోడి అనే అరుదైన పిట్ట పుణ్యమా అని ప్రపంచానికి తెలిసిన మన లంకమల ముళ్లపొదల ఎండు అడవి. మన జిల్లాలో మలేరియా మోసేవి వేరే దోమలు. వాగులు, కాలువల్లో పుట్టి పశువుల పాకల చుట్టూ తిరిగే క్యూలిసిఫేసిస్ ఒకటి, మిద్దె మీది నీళ్ల తొట్టెల్లో పుట్టే స్టీఫెన్సీ మరొకటి. చెట్టు కొమ్మ మీద నిద్రపోయే కోతి కోసం ఎగిరే అలవాటు వీటికి లేదు.

ఇక అవి ఎందుకు పడిపోవు అన్న ప్రశ్న. నాకు బాగా ఇష్టమైనది ఇదే.

1930ల మొదట్లో కలకత్తాలోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో, సింగపూర్ నుంచి వచ్చిన ఒక పొడవు తోక కోతి రక్తంలో కొత్త పరాన్నజీవి కనబడింది. ఆ కోతి మామూలుగానే తింటూ తిరుగుతోంది. అదే పరాన్నజీవిని ఉత్తర భారతంలో తిరిగే రీసస్ కోతికి ఎక్కిస్తే మాత్రం రక్తమంతా నిండిపోయి కోతి చచ్చిపోయేది. రాబర్ట్ నోల్స్, బి.ఎం. దాస్‌గుప్తా 1932లో అది మనిషికి కూడా ఎక్కుతుందని చూపించారు. నోల్స్ పేరు మీదే దానికి ప్లాస్మోడియం నోలెసి అని పేరు పెట్టారు. మీ తమ్ముడు చెప్పింది దీని గురించే.

పరాన్నజీవి ఒకటే అయినా ఒక కోతికి అది నలతతో పోయింది, ఇంకో కోతికి చావు తెచ్చింది. పొడవు తోక కోతి, నోలెసి తరతరాలుగా ఒకే అడవిలో కలిసి బతికాయి. రీసస్ సహజంగా తిరిగే చోట ఈ పరాన్నజీవి లేదు, అందుకే దాని శరీరానికి ఇది కొత్త శత్రువు. నోలెసి 24 గంటలకొకసారి పిల్లలు పెడుతుంది. మనిషికి వచ్చే ఫాల్సిపారం, వైవాక్స్ అందుకు 48 గంటలు తీసుకుంటాయి. ఆ వేగాన్ని మొదటి వారంలోనే ఆపలేకపోతే ఇక ఆపేది ఉండదు.

ఆపగలిగిన కోతి కూడా పరాన్నజీవిని తుడిచిపెట్టదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు కాబట్టి రోగనిరోధక శక్తి అంటే అలాగే ఉంటుందని అనుకుంటారు. మలేరియాలో శరీరం పరాన్నజీవుల సంఖ్యను అణచి ఉంచుతుంది, అంతే. లోపల కొద్దిగా మిగిలి ఉన్నంతకాలం ఆ అదుపు సాగుతుంది. అందులో పెద్ద పని ప్లీహానిది. పరిశోధనశాలల్లో ఆరోగ్యంగా కనిపించే కోతికి ప్లీహం తీసేస్తే, అంతకు ముందు పూతలో కనబడని మలేరియా ఒక్కసారిగా పైకి లేచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అది ఎప్పటినుంచో లోపలే ఉందన్నమాట.

మరి శరీరం గుర్తుపట్టాక కూడా అది ఎలా మిగులుతుంది? 1965లో బ్రౌన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు నోలెసి సోకిన రీసస్ కోతులకు రోగం పూర్తిగా పోనంత తక్కువ మందు ఇచ్చి, బతికించి, తరువాత ఏమవుతుందో చూశారు. ప్రతిసారీ తిరగబెట్టినప్పుడు పరాన్నజీవి పట్టుకున్న రక్తకణం పై పొర మారిపోయి ఉంది. మొదటి విడతకు తయారైన ప్రతిరక్షకాలు రెండో విడతను గుర్తుపట్టలేదు. బాకీ ఎగ్గొట్టినవాడు పేరు మార్చుకుని మళ్లీ అప్పుకు వచ్చినట్లు. షావుకారు ఒక్కో పేరూ పుస్తకంలో రాసుకుంటూ పోతే కొన్నేళ్లకు మోసం తగ్గుతుంది, కానీ ఆగదు. అడవి కోతి బతుకంతా ఆ పుస్తకం నింపుతూనే ఉంటుంది.

మనుషుల్లో ఇదే నేను కళ్లారా చూశాను. ఉద్యోగంలో కొంతకాలం పాడేరు ఏజెన్సీకి డిప్యుటేషన్ మీద వెళ్లాను. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరంతా రక్తం తీసే సర్వే చేసేవాళ్లం. మలేరియా పూతలకు వాడే జేఎస్‌బీ రంగు వేసి చూస్తే, మూలుగుతున్న చిన్న పిల్లవాడి పూతలో ఫీల్డుకు, అంటే సూక్ష్మదర్శినిలో ఒకసారి కనబడే మేరకు, పదుల్లో పరాన్నజీవులు ఉండేవి. పొద్దున్నే కట్టెలకు పోయి వచ్చిన వాళ్ల నాయన పూతలోనూ ఒకటో రెండో దొరికేవి. ఆయనకు జ్వరం లేదు, మందు ఎందుకు వేసుకోవాలని మాతో వాదన పెట్టుకునేవాడు. ఆయన కోణంలో అది న్యాయమే. కానీ ఆయన్ని కుట్టిన దోమ వెళ్లి పక్కింటి పసివాణ్ని కుడుతుంది. కోతుల గుంపులోనూ పెద్ద కోతి ఆ తండ్రి లాంటిదే.

కడపలో ఉండగా ఒక పశువైద్యుడు కరెంటు తీగ తగిలి చచ్చిన కోతి రక్తపు పూత తెచ్చి చూడమన్నారు. రూలు ప్రకారం నా పని కాదు, ఆసక్తి ఆగక చూశాను. మందపు పూతలో వంద ఫీల్డులు దాటినా ఏమీ కనబడలేదు. ఆయన "అయితే మన కోతులకు లేదన్నమాట" అన్నారు. ఒక కోతి, ఒక పూత ఆ మాట చెప్పలేవు. సూక్ష్మదర్శిని కంటికి అందనంత తక్కువగా దాగి ఉండటమే దాని పద్ధతి అని ఇప్పుడే చెప్పుకున్నాం కదా. మలేసియాలోని సారవాక్ రాష్ట్రం, కపిట్ ప్రాంతంలో 108 అడవి కోతుల రక్తాన్ని, పరాన్నజీవి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్‌తో పరీక్షిస్తే నాలుగింట మూడొంతులకు పైగా కోతుల్లో నోలెసి బయటపడింది. చాలావాటిలో రెండు మూడు రకాల పరాన్నజీవులు కలిసే ఉన్నాయి.

కోతి రక్తంలోని శక్తి తీసి మనకు టీకా చేయకూడదా అని కూడా అడిగారు. శక్తిని అలా పిండి తీయలేరు గానీ, కోతి మలేరియా వల్ల మనం నేర్చుకున్నది చిన్నదేమీ కాదు. దోమ కుట్టాక పరాన్నజీవి ముందు కాలేయంలో పెరుగుతుందని షార్ట్, గార్న్‌హామ్ 1948లో తెలుసుకున్నది సైనోమోల్గి సోకిన రీసస్ కోతిలోనే. వైవాక్స్ నెలల తరువాత ఎందుకు తిరగబెడుతుందో కూడా అదే పరాన్నజీవి చెప్పింది: కాలేయంలో నిద్రపోయే రూపాలు ఉంటాయి. ప్రైమాక్విన్ 14 రోజులు వాడమనేది వాటి కోసమే. నాలుగో రోజు జ్వరం తగ్గిందని మాత్రలు అలమరలో పెట్టేవారికి ఈ కోతి కథ చెప్పి చూశాను, పెద్దగా పనిచేయలేదు. ఇప్పటి మలేరియా టీకాలు ఆర్‌టీఎస్-ఎస్, ఆర్21 గురిపెట్టే పై పొర ప్రొటీన్ ఉంది కదా, ఆ రకం ప్రొటీన్ జన్యువును 1983లో మొదట వేరుచేసింది కూడా నోలెసి నుంచే.

మీ ఇంటి విషయానికి వస్తే, కోతి తాకినా, గీరినా, మీ అన్నం ఎంగిలి చేసినా మలేరియా రాదు. మధ్యలో దోమ ఉండాల్సిందే. మీరు భయపడవలసింది కోతి కాటుకు. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా, ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకోండి. మిద్దె మీద ట్యాంకు మూత కోతులు తీసి పారేస్తున్నాయని రాశారు, దానికి తాళం పెట్టండి. కోతుల వల్ల మీకు మలేరియా వచ్చే దారి ఏదైనా ఉంటే ఆ మూతే. ఇంకో మాట, కోతులు వరసగా చచ్చిపడుతుంటే మలేరియా అనుకోవద్దు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో అలా చచ్చినప్పుడు పిడుదుల ద్వారా వ్యాపించే క్యాసనూరు అడవి జ్వరం బయటపడింది. అలాంటిది కనబడితే ముట్టుకోకుండా అటవీ శాఖవారికి చెప్పండి.

మీ తమ్ముడి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మలేసియాలో 2018 నుంచి మనుషుల మధ్య తిరిగే మలేరియా స్థానికంగా నమోదు కాలేదు, కానీ నోలెసి కేసులు ఏటా వేలల్లో వస్తున్నాయి. అడవి అంచున, తోటల్లో పనిచేసే మగవాళ్లే ఎక్కువగా దాని బారిన పడుతున్నారు. అక్కడ ఉండగా సాయంత్రం పూట నిండు చేతుల చొక్కా, దోమలు దూరంగా ఉండే లేపనం, పడుకునేటప్పుడు దోమతెర ఉండాలి. జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష చేయించుకోవాలి, 24 గంటల లెక్క మరిచిపోవద్దు. సకాలంలో పట్టుకుంటే మామూలు మలేరియా మందులకే లొంగుతుంది.

కుట్టిన తరువాత సాధారణంగా 9 నుంచి 12 రోజుల్లో జ్వరం మొదలవుతుంది కాబట్టి, సెలవు మీద ఊరికి వచ్చాక కూడా బయటపడవచ్చు. అప్పుడు పరీక్ష చీటీ మీద "మలేసియా తోట నుంచి వచ్చాడు" అని రాయించండి. చేత్తో చేసే కిట్టులో నెగటివ్ వచ్చినా పూత చూడమని అడగండి. పూతలో నోలెసి లేత రూపం ఫాల్సిపారంలాగా, ముదిరిన రూపం ప్లాస్మోడియం మలేరియే అనే మరో రకంలాగా కనిపిస్తుంది. కపిట్‌లోనే 2004లో ప్రచురించిన అధ్యయనంలో 208 మంది రోగులను పరీక్షిస్తే 120 మందికి ఉన్నది నోలెసి అని తేలింది, అంతకు ముందు అక్కడ వీటిని ప్లాస్మోడియం మలేరియే రకం అని రాసేవారు. మన దగ్గర ఆ రకం చాలా అరుదు. మీ తమ్ముడి రిపోర్టులో ఆ పేరు కనబడితే డాక్టరు గారికి నోలెసి మాట గుర్తుచేసి, పీసీఆర్‌కు నమూనా పంపమనండి, చికిత్స మాత్రం ఆ ఫలితం కోసం ఆపవద్దనండి.