తూకం రోజుకు ముందు

అమ్మాయీ,

నీకు అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఆ పనిలోనే తల నెరిసినదాన్ని కనుక నెలనెలా పిల్లల తూకం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. మిగతావి రిజిస్టర్లే నేర్పుతాయి, కావలసినదానికన్నా ఎక్కువే.

ముందు ఖాళీ త్రాసు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడు. బిడ్డ బట్టలు, కడియాలు తీయించు. మొలతాడు ముట్టుకుంటే నాయనమ్మలు ఊరుకోరు. దాని జోలికి పోకు, అది ఏపాటి బరువు! బిడ్డ ఏడుస్తూ తన్నుకుంటే ముల్లు ఊగుతుంది. అది నిలిచేదాకా ఆగు. ఇక పొడవు. రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టే కొలవాలి. నిలబెడితే సుమారు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు అదిమి పట్టాలి.

అంకె రాసేసి ఊరుకోకు. ఎదుగుదల చార్టులో బరువు చుక్క పెట్టి, పోయిన నెల చుక్కతో కలిపి గీత గీసి చూడు. మా కేంద్రంలో ఒక పాప ఏడో నెలలో 7 కిలోల 200 గ్రాములు తూగింది. ఎనిమిదో నెలలో అంతే, తొమ్మిదిలోనూ అంతే. చార్టులో ఆకుపచ్చ రంగులోనే, అంటే సరైన బరువులోనే ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. తల్లి మిరప కోతలకు పోతే పాపకు రోజంతా పాలు, బిస్కెట్లేనట. విరేచనాలు పట్టుకుని తక్కువ బరువు చూపే పసుపు రంగులోకి జారాక గాని నాకు తెలివి రాలేదు.

గీత పైకి పోకుండా పడుకుంటే తల్లిని కసరకు. "అన్నం పెడుతున్నావా?" అంటే ఎవరైనా పెడుతున్నాననే అంటారు. "నిన్న పొద్దుటి నుంచి ఏమేం తినిపించావు, ఎన్నిసార్లు?" అని అడుగు. మన కేంద్రంలో ఇచ్చే బాలామృతం పిండి కలిపి చూపించు. చెంచా వంచితే నీళ్లలా కారిపోకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గినా, రెండు పాదాలూ నొక్కితే గుంట పడినా వచ్చే నెల దాకా ఆగకు. ఆ రోజే ఊరి నర్సమ్మకు (ఏఎన్ఎం) చెప్పి ఆరోగ్య కేంద్రానికి పంపు.

బరువు బాగుంటే అంతా బాగున్నట్టు కాదు. తొమ్మిది నెలలు దాటినా ఆనుకోకుండా కూర్చోలేకపోతున్నా, ఏడాదిన్నరకూ నడవకపోయినా, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడకపోయినా రాసి పెట్టుకో. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అంటారు. ఆ మాట విన్నా సరే, డాక్టరుకు మాత్రం చూపించు.

ఒక్కటి మాత్రం చెయ్యకు: నెలాఖరున ఇంట్లో కూర్చుని పాత అంకెకు రెండు వందల గ్రాములు కలిపి ఫోనులో ఎక్కించడం. ఒకప్పుడు నేనూ చేశాను.

నీ మొదటి తూకం రోజు ఎప్పుడో చెప్పు, వస్తాను. మోకాళ్లు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా.

మీ పెద్దమ్మ