కింది వాటాలో నిద్రపోయేవారున్న ఇంట్లో ఎయిర్ బ్రష్ కంప్రెసర్

తిరుపతిలో అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంటున్నాననీ, సెలవు రోజుల్లో బొమ్మలకూ చిన్న మోడళ్లకూ ఎయిర్ బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే కలం లాంటి పరికరం) రంగులు వేసుకోవాలని ఉందనీ, దానికి గాలి అందించే కంప్రెసర్ ఎన్ని డెసిబెల్స్‌ది కొంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనీ మీరు అడిగారు. ఆరేళ్లుగా ఇదే ఊళ్లో, మేడమీది వాటాలో, మా అమ్మ కొలువు బొమ్మలకు ప్రతి ఏడూ రంగులు దిద్దుతున్నవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. డెసిబెల్ అంకె ఒక్కటే చూసి కొంటే మీరు తప్పకుండా మోసపోతారు. ఆ అంకె గాలిలో వినిపించే చప్పుడును కొలుస్తుంది. మన ఇళ్లలో పక్కవారిని లేపేది శ్లాబు గుండా దిగే అదురు.

మొదటి ఏడు నేను కొన్నది ఒక హెచ్‌పీ మోటారు, 24 లీటర్ల ట్యాంకు ఉన్న డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే) కంప్రెసర్. వినాయక చవితి ముందు రోడ్డు పక్క షెడ్లలో విగ్రహాలకు రంగు కొట్టేవారి దగ్గర అంతకన్నా పెద్దవి చూసి, ఇది చిన్నదేగా అనుకున్నాను. స్ప్రే గన్నుకు నిమిషానికి వంద లీటర్లకు పైగా గాలి కావాలనీ, 0.3 మిల్లీమీటర్ల సూది ఉన్న ఎయిర్ బ్రష్‌కు 20 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర పది పదిహేను లీటర్లు చాలుననీ అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. హార్డ్‌వేర్ దుకాణంలో ఎప్పుడు అడిగినా ఎక్కువ హెచ్‌పీ తీసుకొమ్మనే అంటారు. పని ఏమిటో అడగకుండా గుర్రపు శక్తిని అమ్మే ఈ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

దసరాకు పది రోజుల ముందు, సాయంత్రం ఏడు గంటల వేళ, దశావతారాల వరుసలో కృష్ణుడి బొమ్మకు నీలం రంగు ఎక్కించడానికి దాన్ని మొదటిసారి నడిపాను. పావుగంట తిరక్కుండానే కింది వాటా పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. ఆయనది కొండమీద రాత్రి డ్యూటీ. సాయంత్రం ఐదింటికి పడుకుని పదింటికి లేచి అలిపిరి మీదుగా పైకి వెళ్లేవారు. ఈ ఊళ్లో ప్రతి వీధిలోనూ అలాంటివారు ఉంటారు కనుక, ఫలానా సమయంలో చప్పుడు చేస్తే ఫరవాలేదు అనుకోవడానికి ఇక్కడ వీలుండదు. ఆయన కోప్పడలేదు. "ఏమప్పా, పైన ఏం తిప్పతా ఉండారు? మంచం అదురుతా ఉంది" అన్నారు. క్షమించమని చెప్పి వెంటనే ఆపాను. ఆయన మాత్రం, "ఒక్కసారి కిందికొచ్చి నువ్వే విను నాయనా" అన్నారు.

మా అబ్బాయిని పైన స్విచ్ వేయమని చెప్పి ఆయన గదిలో నిలబడ్డాను. నేను ఎదురుచూసిన టకటక చప్పుడు అక్కడ దాదాపు లేదు. దాని బదులు పైకప్పు మొత్తం ఒకే శ్రుతిలో గుయ్యిమంటోంది. గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. మంచం కోడు మీద చెయ్యి వేస్తే అదురు అరచేతిలోకి ఎక్కుతోంది. అప్పటి దాకా నేను నా గదిలో తలుపులు, కిటికీలు మూసి, గుమ్మం కింద గుడ్డలు కుక్కి, చప్పుడు బయటికి పోకుండా ఆపుతున్నాననుకున్నాను. అదేమో నా కాళ్ల కిందుగా పోతోంది.

మరునాడు ఉదయం ఆయన నిద్ర లేచి ఉండగానే, ఆయన అనుమతితోనే, ఒక్కొక్కటి మార్చి చూశాము. కంప్రెసర్ కాళ్లకున్న రబ్బరు బుడిపెలు చాలా గట్టివి, వాటి వల్ల ప్రయోజనం ఏమీ కనబడలేదు. పాత కొబ్బరిపీచు పరుపును నాలుగంగుళాల మందాన కోసి, దానిమీద కడప రాతి పలక ఒకటి పరిచి, ఆ పలక మీద కంప్రెసర్ పెడితే గ్లాసులు మోగడం ఆగిపోయింది. మెత్తటిది కింద, బరువైనది పైన ఉండాలి. పరుపు ఒక్కటే వేస్తే యంత్రం ఊగుతుంది, రాయి ఒక్కటే వేస్తే అదురు యథాతథంగా దిగుతుంది. గోడకు ఆనించకూడదు. చెక్కపెట్టెలో పెట్టి మూసేయమని కొందరు సలహా ఇస్తారు. మన ఎండాకాలంలో, గదే నలభై డిగ్రీలకు దగ్గరగా ఉండేచోట, గాలి ఆడని పెట్టెలో మోటారు కాలిపోవడం తప్ప జరిగేదేమీ లేదు.

ఇక రెండో సంగతి ట్యాంకు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ట్యాంకు పెద్దదైతే మోటారు తిరిగే మొత్తం సమయం తగ్గదు, ఎందుకంటే మీరు వాడిన గాలిని అది ఎప్పుడో ఒకప్పుడు నింపవలసిందే. కానీ అది ఎప్పుడు తిరగాలో నిర్ణయించడం మీ చేతిలోకి వస్తుంది. నా 24 లీటర్ల ట్యాంకు 8 బార్ ఒత్తిడి దాకా (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ) నిండితే, అది 3 బార్‌కు దిగేలోపు సుమారు 120 లీటర్ల గాలి ఇస్తుంది. బ్రష్ మీట ఎడతెరిపి లేకుండా నొక్కి ఉంచినా పది నిమిషాలు వస్తుంది. నిజానికి రంగు వేసేటప్పుడు సగం సేపు బొమ్మను తిప్పి చూసుకోవడంతోనే గడుస్తుంది కనుక ఇరవై నిమిషాల పని జరుగుతుంది. పెద్దాయన పదింటికి లేచి స్నానానికి వెళ్లగానే రెండు నిమిషాలు మోటారు నడిపి నింపుకునేవాణ్ణి. ఆ తరువాత స్విచ్ తీసేసి, ఆ నిశ్శబ్దంలో కృష్ణుడి చెక్కిళ్లకు నీడలు దిద్దాను. ఆ పండుగకు దశావతారాలన్నీ అలాగే పూర్తయ్యాయి. గొట్టాల కీళ్ల దగ్గర గాలి కారకుండా ఉంటేనే ఇది సాగుతుంది. సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూసి, టెఫ్లాన్ టేపు చుట్టుకోవాలి.

మరుసటి ఏడాది చిన్నది కొన్నాను. అభిరుచిగా ఎయిర్ బ్రష్ పట్టేవారందరూ ఎరిగిన ఏఎస్-186 తరహా యంత్రం అది: నూనె అక్కరలేని పిస్టన్, హెచ్‌పీలో ఆరో వంతు మోటారు, 3 లీటర్ల ట్యాంకు, 3 బార్ దగ్గర తానే మొదలై 4 బార్ దగ్గర తానే ఆగే ఏర్పాటు. దానిమీద 47 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి కనుక 47 అంటే మంచి అంకే. అయితే అది ఒక మీటరు దూరంలో కొలిచినది. అంకె పది పెరిగితే చెవికి దాదాపు రెండింతలుగా వినిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. 47కూ 57కూ తేడా కొంచెమే అని దుకాణదారు అంటే నమ్మవద్దు. దూరం చెప్పకుండా డెసిబెల్స్ మాత్రమే ముద్రించే పెట్టెలనూ, అన్నింటి మీదా "సైలెంట్" అని అంటించే అమ్మకందారులనూ చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ మాట నమ్మి కొన్నవాడి ఇరుగుపొరుగు సంబంధాలు చెడతాయి.

పెట్టె మీది మాట కన్నా మోటారుకు అంటించిన వివరాల పట్టీ మీది ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) నమ్మదగినది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు నిమిషానికి 2800 చుట్లకు పైగా తిరుగుతుంది. నాలుగు పోల్స్ అయితే 1400 పైచిలుకు. సగం వేగంతో తిరిగే యంత్రం గొంతు కూడా దిగుతుంది, అరుగుదల కూడా తగ్గుతుంది. నేను కొన్న చిన్నది 1450 రకం. దానికి ఉన్న లోపమల్లా 3 లీటర్ల ట్యాంకే: 4 నుంచి 3 బార్‌కు దిగడానికి పావు నిమిషం చాలు, మళ్లీ మోటారు అందుకుంటుంది. అందుకే దానికి పది లీటర్ల ట్యాంకు ఒకటి అదనంగా కలిపాను. సేఫ్టీ వాల్వ్ ఉన్న, గాలి ట్యాంకుగానే తయారైన దాన్నే కలపండి. పాత గ్యాస్ సిలిండర్లతో ఎవరైనా చేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

అన్నిటికన్నా నెమ్మదైనది ఫ్రిజ్ మోటారు తరహా కంప్రెసర్. అది నూనెలో మునిగి తిరుగుతుంది కనుక పక్క గదిలోకి వినబడదు. కానీ ఆ నూనె ఆవిరి గాలితోపాటు వస్తే, రంగు మట్టిబొమ్మ మీద అంటకుండా గుండ్రంగా విడిపోతుంది. నూనె పట్టే ఫిల్టర్ పెట్టి, నూనె మట్టం చూసుకుంటూ ఉండే ఓపిక ఉంటేనే తీసుకోండి. బ్యాటరీతో చేతిలో ఇమిడే చిన్న రకాలు కేకుల మీద రంగుకు సరిపోతాయి, బొమ్మ ముఖానికి సరిపోవు.

మన ఊరికి సంబంధించి నీటి సంగతి కూడా చెప్పాలి. ఈశాన్య రుతుపవనాల ముసురులో, ముఖ్యంగా కార్తీకంలో, ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. ఒకసారి ఆ నీటిచుక్క బ్రష్‌లోంచి చిమ్మి, ఆరిన లక్ష్మీదేవి బొమ్మ చీర మీద తెల్లటి మచ్చ పడింది. ఇప్పుడు ప్రతిరోజూ పని ముగిశాక అడుగు వాల్వ్ తెరిచి వంచేస్తాను, గాలిలోని తేమను పట్టే మాయిశ్చర్ ట్రాప్ ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటర్ దగ్గర ఒకటి, బ్రష్ పిడి కింద ఒకటి పెట్టాను.

కాబట్టి మీ రెండో అంతస్తుకు నా మాట ఇది: ట్యాంకు లేనిది వద్దు, 2800 చుట్లది వద్దు, 1450 చుట్ల నూనె లేని చిన్న యంత్రం తీసుకుని, అదనపు ట్యాంకు కలిపి, పీచు మీద రాయి, రాయి మీద యంత్రం పెట్టండి. కొనే ముందు దుకాణంలోనే ట్యాంకు నిండేదాకా నడిపించండి, ఎందుకంటే ఖాళీగా ఉన్నప్పుడు నెమ్మదిగా ఉన్న యంత్రం ఒత్తిడి పెరిగాక గొంతు మారుస్తుంది. అది పెట్టిన బల్ల మీదే నీళ్లు నింపిన స్టీలు గ్లాసు ఒకటి ఉంచి, నీళ్లు ఎంత అదురుతున్నాయో చూడండి. ఆ తరువాత స్విచ్ ఆపించి, పది నిమిషాలు అక్కడే నిలబడి, ఒత్తిడి చూపే గేజీ ముల్లు దిగుతోందేమో (దిగితే గాలి కారుతున్నట్టే) చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.