చికిత్స మొదలయ్యేలోపు మామయ్యకు మేమేం చేయగలం?

ప్రశ్న: మా మేనమామకు 58 ఏళ్లు. కొండపి దగ్గర పొగాకు రైతు. చిన్నప్పటి నుంచీ చుట్ట, బీడీ అలవాటు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని మొదట ఆ మందులే వాడాం. ఈమధ్య బయాప్సీలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అందులో అడినోకార్సినోమా అనే రకమని రాశారు. జబ్బు ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ అయింది. జీన్ టెస్ట్ రిపోర్టుకు ఇంకో రెండు వారాలు పడుతుందన్నారు. ఆయనకు మాత్రం ‘నిమ్ము చేరింది’ అనే చెప్పాం. సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఈలోగా జబ్బు ముదిరిపోతుందేమోనని అత్తయ్యకు ఒకటే టెన్షన్. నాటుమందు ఇప్పించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: ముందుగా అత్తయ్య గారి భయం గురించి. ఆ రిపోర్టు కోసం ఆగడం కూడా చికిత్సలో భాగమే. గడ్డలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యుమార్పులు ఉంటే వాటికి తగిన మాత్రలు ఉన్నాయి. చాలామందికి అవి కీమో కంటే బాగా పనిచేస్తాయి. పొగతాగేవారిలో ఈ మార్పులు తక్కువే, అలాగని టెస్ట్ చేయకుండా లేవని అనుకోకూడదు. కంగారుపడి ఏదో ఒకటి మొదలుపెడితే సరైన మందు వెనకపడిపోతుంది. ఈలోగా ఆయాసం గానీ నొప్పి గానీ పెరుగుతుంటే మాత్రం రిపోర్టు కోసం చూడకుండా డాక్టర్‌కు చెప్పండి.

ఇక నిమ్ము సంగతి. బయాప్సీ చేశారు, పెట్ స్కాన్ తీశారు. క్యాన్సర్ విభాగం ముందు బెంచీ మీద గంటలకొద్దీ కూర్చున్న మనిషికి ఏమీ తెలియదని మీరు అనుకుంటున్నారు. నాకైతే ఆయన ఇప్పటికే ఊహించి ఉంటారనిపిస్తోంది. మాట తగ్గడానికి అదే కారణం కావచ్చు. మీరు ఆయన కోసం దాస్తున్నారు, ఆయన మీ కోసం దాస్తున్నారు. ఇంట్లో జనం లేనప్పుడు పక్కన కూర్చుని, ‘మామయ్యా, డాక్టర్లు ఏమన్నారో నీకు వివరంగా తెలుసుకోవాలనుందా? లేక అత్తకూ నాకూ చెబితే చాలా?’ అని అడగండి. తెలుసుకోవాలంటే తర్వాతిసారి డాక్టర్ దగ్గరే అందరూ కలిసి వినండి. వద్దంటే బలవంతం చేయకండి, మళ్లీ ఎప్పుడైనా అడగొచ్చని మాత్రం చెప్పండి. రేపు కీమోకో ఆపరేషన్‌కో సంతకం పెట్టాల్సింది ఆయనే. ఈ ఏడు పొగాకు వేయాలా, పొలం కౌలుకివ్వాలా, బ్యాంకు అప్పు సంగతేమిటి అన్నవీ ఆయన తేల్చుకోవాల్సినవే. ‘మీకెందుకు, మేం చూసుకుంటాం’ అంటే, ప్రేమతో అన్నా సరే, మనిషి ఇంకా కుంగిపోతాడు.

టీబీ మందులతో కాలం పోయిందని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. దగ్గు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం రెండిట్లోనూ ఉంటాయి. ఎక్స్‌రేలోనూ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి.

బీడీ ఇప్పుడు మానినా లాభమే. ఆపరేషన్ తర్వాత గాయం త్వరగా మానుతుంది, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, చికిత్సకు శరీరం బాగా తట్టుకుంటుంది. ‘తాగావు కాబట్టే వచ్చింది’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, ఉచితం.

తిండి ఒకేసారి పళ్లెం నిండా పెడితే చూడగానే విసుగొస్తుంది. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. గుడ్డు, చేప, పెసరపప్పు, పెరుగు ఏదో ఒకటి ప్రతిసారీ ఉండాలి. పథ్యం పేరుతో ఉత్తి చారు మెతుకులు పెట్టి బలం తీసేయొద్దు. ఆయాసం లేకపోతే ఉదయం, సాయంత్రం కాసేపు నడిపించండి. క్యాన్సర్ అంటుకోదు, కంచం గ్లాసు వేరు చేయకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వండి.

నాటుమందు వద్దు. అందులో ఏం కలిపారో తెలియదు. కాలేయం దెబ్బతింటే అసలు మందు మొదలుపెట్టడమే ఆలస్యమవుతుంది. ఇప్పటికే ఏదైనా ఇచ్చి ఉంటే తిడతారని భయపడకుండా డాక్టర్‌కు చెప్పేయండి.

కాగితాల పని మీరు తీసుకోండి. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్లో పెట్టండి. రెండో అభిప్రాయానికి తిరుపతో చెన్నైయో వెళ్లాలనుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బయాప్సీ ముక్కను ఉంచిన మైనపు బ్లాకు, గాజు స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. బ్లాకును ఎండలో, వేడికి ఉంచొద్దు. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అంటున్న ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆ ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో చేరకముందే కౌంటర్లో కనుక్కోండి. చికిత్స కోసం చేసే రైలు ప్రయాణానికి క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లేవారికీ రాయితీ ఉంది. ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్‌తో తీసుకోవచ్చు.

దగ్గితే ఎక్కువగా రక్తం పడటం, ఉన్నట్టుండి ఆయాసం, ముఖం మెడ వాయడం, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం రాకపోవడం, తీవ్రమైన తలనొప్పితో వాంతులు, ఫిట్స్, మాట తడబడటం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి ఫైల్ చేతబట్టుకుని బయల్దేరండి.