ముందు డబ్బు వెనక్కి తీసి చూడండి

ప్రశ్న: నెలనెలా మిగిలే డబ్బుతో షేర్లు, ఫండ్లు కొందామని ఆన్‌లైన్ ఖాతా తెరవాలనుకుంటున్నాను. మూడు యాప్‌లు దించుకుని చూశాను. మొదటిది కమిషన్ సున్నా అంటోంది. రెండోదాంట్లో చార్టులు చాలా బాగున్నాయి. మూడోది పాత కంపెనీ, కొంచెం ఖరీదు. మా మరిది రోజూ ట్రేడింగ్ చేస్తాడు, రెండోదే తీసుకోమంటున్నాడు. ఏం చెయ్యమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: మీ మరిది రోజుకు పదిసార్లు కొని అమ్మే మనిషి. మీరేమో నెలకోసారి కొని పక్కన పెట్టేస్తానంటున్నారు. ఆయనకు చార్టు కావాలి, ఆర్డరు వెళ్లే వేగం కావాలి. మీరు ఆ చార్టులు రెండు నెలలు ముచ్చటగా చూసి తర్వాత వదిలేస్తారు. కాబట్టి ఆయన సలహాను మర్యాదగా పక్కన పెట్టండి.

నేను ఇరవై రెండేళ్లు బ్రోకరేజీ సంస్థల్లో పనిచేశాను కానీ ఎవరి చేతా ఒక్క షేరూ కొనిపించలేదు. వెనక గదిలో సెటిల్‌మెంట్ లెక్కలు, అంటే కొన్నవాళ్లకు షేర్లూ అమ్మినవాళ్లకు డబ్బూ చేరాయా అన్నది సరిచూడడం నా పని. అందుకే ఎవరైనా కొత్త యాప్ చూపిస్తే నా వేలు ముందు ‘విత్‌డ్రా’ బటన్ ఎక్కడుందా అని వెతుకుతుంది. డబ్బు వేయడానికి అన్ని యాప్‌లూ తలుపులు బార్లా తెరిచే ఉంచుతాయి. తేడా అంతా తీసేటప్పుడే తెలుస్తుంది.

మీరూ అదే చెయ్యండి. పోయినా బాధపడనంత చిన్న మొత్తం వేసి, ఒక షేరు కొని, కొన్ని రోజులాగి అమ్మి, డబ్బు మళ్లీ బ్యాంకులోకి రప్పించండి. ఎన్ని రోజులు పట్టిందో రాసుకోండి. అమ్మిన రోజే రాలేదని మాత్రం కంగారు పడొద్దు. భారత్‌లో 2023 జనవరి నుంచి, అమెరికాలో 2024 మే 28 నుంచి లావాదేవీ మరుసటి పనిరోజున సెటిల్ అవుతోంది. ఆ ఒక్క రోజు అందరికీ ఉన్నదే. ఆ తర్వాత జరిగే ఆలస్యానికి మాత్రం బ్రోకర్ జవాబు చెప్పాలి. ఈ లోపు ఒక సందేహం కల్పించుకుని కస్టమర్ కేర్‌కి రాయండి. మనిషి జవాబిస్తున్నాడా, రోబో తిప్పుతోందా అన్నది అక్కడే బయటపడుతుంది.

ఇక నేను పట్టుబట్టేది ఒకటుంది: మీరు కొన్న షేర్లు ఎవరి పేరు మీద ఉంటాయి? కొన్ని దేశాల్లో డిపాజిటరీలో, అంటే షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థలో, నేరుగా మీ పేరు మీదే ఉంటాయి. అమెరికా లాంటి చోట్ల సాధారణంగా ‘స్ట్రీట్ నేమ్’లో, అంటే బ్రోకర్ లేదా అతని ప్రతినిధి సంస్థ పేరు మీద ఉంటాయి, అవి మీవన్న లెక్క బ్రోకర్ పుస్తకాల్లో ఉంటుంది. రెండూ చట్టబద్ధమైనవే. అయితే బ్రోకర్ పంపే స్టేట్‌మెంట్ కాకుండా ఇంకో చోటి నుంచి కూడా సరిచూసుకునే వీలుందా అన్నది అడగాలి. 2012లో అమెరికాలో పెరెగ్రిన్ అనే ఫ్యూచర్స్ (ముందు తేదీకి ధర కుదుర్చుకునే ఒప్పందాలు) బ్రోకరేజీ కూలింది. ఖాతాదారుల సొమ్ము 20 కోట్ల డాలర్లకు పైగా మాయం. దాని స్థాపకుడు దాదాపు ఇరవై ఏళ్లు దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు తయారుచేసి తనిఖీ చేసేవాళ్లకు చూపిస్తూ వచ్చాడు. బ్యాంకు నిల్వల్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నేరుగా సరిచూడడం మొదలుపెట్టాక గుట్టు రట్టయింది. లెక్కలు సరిచూసి బతికినవాణ్ని కాబట్టి ఈ కథ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

లైసెన్సు సంగతి వేరే చెప్పక్కర్లేదు. భారత్‌లో సెబీ, అమెరికాలో ఫిన్రా, బ్రిటన్‌లో ఎఫ్‌సీఏ, బ్రోకర్లపై నిఘా పెట్టే సంస్థ ఏదైనా సరే తమ సైట్‌లో జాబితా ఉంచుతుంది. యాప్‌లో కనిపించే లోగోని నమ్మకుండా అక్కడికెళ్లి పేరు వెతకండి. బీమా ఉందంటే ఎంతవరకో చదవండి. అమెరికాలో సిపిక్ (ఖాతాదారుల రక్షణ నిధి నడిపే సంస్థ) రక్షణ 5 లక్షల డాలర్ల వరకు, అందులో నగదుకు రెండున్నర లక్షలే. అదీ బ్రోకర్ మునిగితేనే, మీ షేరు ధర పడితే కాదు.

సున్నా కమిషన్ దగ్గరికొద్దాం. 2019 అక్టోబరులో అమెరికా బ్రోకరేజీ సంస్థ చార్లెస్ ష్వాబ్ కమిషన్ ఎత్తేస్తే రోజుల్లోనే పోటీదారులూ ఎత్తేశారు. వాళ్లేమీ సన్యాసం పుచ్చుకోలేదు. మీ ఖాతాలో ఊరికే పడున్న నగదు మీద వడ్డీ, షేర్లు కొనడానికి ఇచ్చే మార్జిన్ అప్పుల మీద వడ్డీ, కరెన్సీ మార్పిడి రుసుము, ఇలా ఎన్నో దారులున్నాయి. కొన్నిచోట్ల మీ ఆర్డర్లను పెద్ద ట్రేడింగ్ సంస్థలకు మళ్లించి వాటి దగ్గర డబ్బు తీసుకుంటారు. విదేశీ షేరు కొనేటప్పుడు మార్పిడికి ఒక శాతం, అమ్మేటప్పుడు ఒక శాతం పోతే, షేరు కదలకపోయినా మీ వెయ్యి 980 అవుతుంది. కమిషన్ మాత్రం సున్నానే! అలాగే కొనే ధర 101, అమ్మే ధర 100 ఉన్న షేరును ‘మార్కెట్ ఆర్డర్’లో, అంటే అప్పుడు దొరికే ధరకే కొంటే ఆ ఒక్కటీ అప్పుడే పోయినట్టు. ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ‘లిమిట్ ఆర్డర్’ పెట్టడం మొదటి రోజే నేర్చుకోండి. ఏడాదికి మీవి పన్నెండు ఆర్డర్లు. మూడో కంపెనీ కమిషన్‌ని పన్నెండుతో హెచ్చవేసి, ఏడాది ఖాతా రుసుము కలిపి, మొదటిదాని ఇతర ఖర్చులతో పోల్చి చూడండి. తేడా మీరు భయపడినంత ఉండకపోవచ్చు.

యాప్ అసలు రంగు గందరగోళం రోజున తెలుస్తుంది. మా సంస్థలో ఒకసారి మార్కెట్ తెరిచిన పది నిమిషాలకే సర్వర్ పడిపోయింది. నలభై నిమిషాలు! వెనక గదిలో ఉన్న మమ్మల్నీ ఫోన్లెత్తమన్నారు. ఒకాయన తిట్టలేదు, అరవలేదు. “నా అమ్మకం పడిందా లేదా, అదొక్కటి చెప్పండి బాబూ” అన్నారు. చెప్పలేకపోయాను. పడలేదనుకుని ఆయన మళ్లీ నొక్కారు, ఇంకోసారీ నొక్కారు. సర్వర్ లేచాక చూస్తే ఉన్నవి వంద షేర్లు, అమ్ముడుపోయినవి మూడొందలు. లేని రెండొందలూ ఎక్కువ ధరకు కొని పూడ్చాల్సొచ్చింది. ఆ లెక్క నేనే సర్దాను. కాబట్టి యాప్ ఆగితే మళ్లీ మళ్లీ నొక్కకండి. ఫోన్లో ఆర్డరు తీసుకునే వీలుందో లేదో ఖాతా తెరవకముందే అడగండి.

ఒక్కోసారి యాప్ బాగానే ఉన్నా బ్రోకరే ఆపాల్సొస్తుంది. 2021 జనవరి 28న అమెరికాలో గేమ్‌స్టాప్ అనే కంపెనీ షేరు కోసం జనం ఎగబడిన గోలలో, లావాదేవీలు పూర్తయ్యేలా చూసే క్లియరింగ్ సంస్థ తెల్లవారుజామున దాదాపు 300 కోట్ల డాలర్లు హామీగా కట్టమని అడిగేసరికి రాబిన్‌హుడ్ అనే బ్రోకర్ యాప్ ఆ షేరు కొనుగోళ్లు ఆపేసింది. అమ్మకాలకే వీలుంచింది. చివరికి అంత కట్టక్కర్లేకపోయింది గానీ కొనేవాళ్ల చేతులు ఆ రోజు కట్టేసినట్టే అయ్యాయి.

నన్నడిగితే ముందు మూడోదానితో ఆ చిన్న మొత్తం పరీక్ష చేస్తాను. అది నెగ్గితే వేరేదాని జోలికి పోను. మీ మరిదికి మాత్రం ఒక మాట చెప్పండి. షేరు కొనకుండా దాని ధర పెరుగుదల, తగ్గుదల మీద అప్పుతో పందెం వేయించే సీఎఫ్‌డీల్లో 74 నుంచి 89 శాతం చిన్న ఖాతాలు నష్టపోతున్నాయని యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా 2018లోనే చెప్పింది. ఎంత మంచి చార్టయినా ఆ లెక్క మార్చలేదు.

ప్రశ్న: ఒక మెసేజ్ గ్రూపులో ఇచ్చిన లింకుతో యాప్ దించుకుని డబ్బు వేశాను. మూడు వారాల్లో రెట్టింపయినట్టు చూపిస్తోంది. తీసుకుందామంటే ముందు లాభం మీద పన్ను కట్టాలంటున్నారు. కట్టమంటారా? – ఒక పాఠకుడు

జవాబు: ఒక్క పైసా కూడా కట్టొద్దు. నిజమైన బ్రోకర్ ఎవరూ మీ డబ్బు మీకివ్వడానికి బయటి నుంచి ఎదురు డబ్బు అడగడు. అది కడితే రేపు ‘ధ్రువీకరణ రుసుము’ అంటారు, ఎల్లుండి ఇంకోటి. ఆ లాభం వాళ్లు తెర మీద టైపు చేసిన అంకె, అంతే. మీ ఉత్తరం చూడగానే విడిగా మెయిల్ పెట్టాను. అందలేదేమోనని ఇక్కడా రాస్తున్నాను: డబ్బు పంపిన బ్యాంకుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, సైబర్ పోలీసులకు ఫిర్యాదివ్వండి, గ్రూపులో మాటలు చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పోయినది రప్పిస్తామంటూ ఇంకొకరు ఫోన్ చేస్తారు, వాళ్లనీ నమ్మకండి. చాలాసార్లు వాళ్లూ వీళ్లూ ఒకటే.