దగ్గు ఉందని సంక్రాంతికి ఊరు మానుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. బాబుకు 4 ఏళ్లు, ఎల్‌కేజీ, బరువు 15 కిలోలు. పాపకు 14 నెలలు, 9 కిలోలు. నవంబరు నుంచి బాబుకు జలుబు, దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. రెండుసార్లు పిల్లికూతలు వస్తే క్లినిక్‌లో నెబ్యులైజర్ పెట్టించాం. వాడికి తగ్గేలోపు పాపకు అంటుకుంటోంది. క్రిస్మస్ సెలవులకు తెనాలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లి, పాపకు మొదటిసారి భోగిపళ్లు పోసి, పండగ అయ్యాక తిరిగి రావాలని ఎప్పుడో రైలు టికెట్లు తీసుకున్నాం. బెంగళూరు చలి వల్లే పిల్లలు ఇలా అయ్యారని అత్తగారు అంటారు. ఈ దగ్గుతో ప్రయాణం వద్దని మా అమ్మ అంటుంది. మానుకోవాలా? జాగ్రత్తకు యాంటీబయాటిక్, దగ్గు సిరప్, నెబ్యులైజర్ మిషన్ కొని పట్టుకెళ్లాలా? ఇమ్యూనిటీకి టానిక్ ఏదైనా చెప్పండి. రాత్రుళ్లు నిద్ర లేక పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను, తర్వాత కూర్చుని ఏడుస్తున్నాను.
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, టికెట్లు రద్దు చేసుకోవద్దు. బయల్దేరే రోజు పిల్లలకు జ్వరం లేకుండా, ఆయాసం లేకుండా, ఎప్పటిలా తాగుతూ ఆడుకుంటూ ఉంటే కారే ముక్కుతో, కాస్త దగ్గుతో రైలెక్కినా ఏమీ కాదు. బాబుకు పిల్లికూతలు వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందు మీ డాక్టర్‌కు ఒకసారి ఛాతీ చూపించండి. ఆ పని మాత్రం తప్పకుండా చేయండి.

ముందు మీ మనసులోని భయం గురించి. బడికి కొత్తగా వెళ్లే పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 జలుబులు రావడం మామూలు. కొందరికి 10 కూడా దాటతాయి. ఒక్కో జలుబు వదిలిన దగ్గు రెండు, మూడు వారాలు ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం వానలు, చలి ఉండే నాలుగైదు నెలల్లోనే వచ్చిపడతాయి. లెక్క వేసి చూడండి. ఒక దగ్గు పూర్తిగా పోకముందే ఇంకో జలుబు మొదలవుతుంది, ఇంట్లో వాళ్లకు అది రెండు నెలలుగా వదలని ఒకే జబ్బులా కనిపిస్తుంది. మీ బాబు బరువు బాగుంది. మధ్య మధ్యలో హుషారుగానే ఉంటున్నాడంటే వాడిలో రోగనిరోధక శక్తికి లోటేమీ లేదు, కొత్త వైరస్‌లను ఒక్కొక్కటిగా పరిచయం చేసుకుంటోందంతే. ఇమ్యూనిటీ పేరుతో అమ్మే టానిక్‌లతో జలుబులు తగ్గవు. ఆ డబ్బుతో ఇద్దరికీ ఫ్లూ టీకా వేయించండి. ప్రభుత్వ ఉచిత టీకాల్లో ఇది లేదు కానీ, 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకు ఏటా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. మొదటిసారి కాబట్టి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఈ వారం ఒకటి, ఊరి నుంచి వచ్చాక ఒకటి సరిపోతుంది. అన్ని జలుబులనూ ఇది ఆపదు, ఫ్లూ తీవ్రతను బాగా తగ్గిస్తుంది.

మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. పొడి చల్లగాలి తగిలితే పిల్లికూతలు వచ్చే పిల్లల్లో ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుంటాయి. కానీ జలుబు పుట్టేది వైరస్ వల్ల. డిసెంబరులో బెంగళూరు రాత్రి ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది పిల్లలు తట్టుకోలేని చలేమీ కాదు. కిటికీలన్నీ మూసేసిన గదిలో పాతిక మంది పిల్లలు ఒకరి మీద ఒకరు దగ్గడమే అసలు ఇబ్బంది. మీరు వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ వేస్తే చాలు. రైల్లో స్వెటర్, మంకీ క్యాప్, పైన దుప్పటి, ఇన్ని కప్పితే చెమట పట్టి పిల్లలు చిరాకు పడతారు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉంటే ఒకటి తీసేయండి.

ఊళ్లో నన్ను కలవరపెట్టేవి వేరే ఉన్నాయి. మొదటిది భోగిపళ్లు.

ఈ వేడుక వద్దని నేను అనను. మా పిల్లలకూ పోశాం. కానీ పోసేవి ఏమిటో ఒకసారి ఆలోచించండి: గింజ ఉన్న రేగిపళ్లు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, నానిన శనగలు. అన్నీ 14 నెలల పిల్ల గొంతుకు సరిగ్గా అడ్డం పడే సైజువే. పాపకు ముందు పళ్లు వచ్చి ఉంటాయి, కొరుకుతుంది. నమిలే దవడ పళ్లు ఇంకా సరిగా రాలేదు. కొరికిన ముక్క అలాగే వెనక్కి జారుతుంది. ఈ వయసులో శ్వాసనాళం వెడల్పు తన చిటికెన వేలంత కూడా ఉండకపోవచ్చు. పేరంటాళ్లు అక్షతలు వేసి పాట పాడుతుంటే, ఫోటోలు తీస్తుంటే, ఒళ్లో ఉన్న పిల్ల చీర కుచ్చిళ్లలో పడిన రేగుపండును గుప్పిట్లోకి తీసుకోవడం ఎవరి కంటా పడదు. సంక్రాంతి అయ్యాక వారానికీ పది రోజులకూ "దగ్గు తగ్గట్లేదు" అంటూ వచ్చే పసిపిల్లల్లో, ఛాతీకి ఒక వైపు మాత్రమే గాలి సరిగా వినపడకపోతే నా మనసు ముందు పల్లీ బద్ద మీదికే పోతుంది. నాణెం ఎక్స్‌రేలో కనిపిస్తుంది. పల్లీ కనిపించదు. మత్తు ఇచ్చి, గొట్టం వేసి తీయాల్సి వస్తుంది.

అందుకని పాపకు బంతిపూల రేకులు, అక్షతలు పోయమనండి. దిష్టి తీయడానికి రేగిపళ్లు తప్పనిసరి అని పెద్దవాళ్లు అంటే నాలుగు పెద్ద పళ్లు తల మీదుగా తిప్పి పక్కన పెట్టేయండి. కింద శుభ్రమైన దుప్పటి పరిచి, పోయడం అయిన వెంటనే నాలుగు మూలలూ పట్టుకుని మొత్తం ఎత్తేయండి. ఆ పని మీ వారికి ముందే అప్పగించండి. పల్లీ చిక్కీ, సకినాలు, చేగోడీలు, వేయించిన శనగలు పాపకు అందకుండా ఉండాలి. బాబుకు కూడా గట్టి గింజలు కూర్చోబెట్టి, మీరు ఎదురుగా ఉన్నప్పుడే ఇవ్వండి, పరుగెత్తుతూ తినడం అసలు వద్దు. ఐదేళ్లు నిండేదాకా పల్లీలు పొడి చేసి పెట్టడమే నాకు ఇష్టం. మీరు బెంగళూరు తిరిగి వచ్చేసరికి పక్కింటి కన్నడ వాళ్లు మీ కోసం ఎళ్ళు-బెల్ల (నువ్వులు, బెల్లం కలిపిన పండగ ప్రసాదం) దాచి ఉంచుతారు. అందులోనూ పల్లీలు, కొబ్బరి ముక్కలు, పుట్నాలు ఉంటాయి. తీసుకుని దండం పెట్టి, డబ్బా పై అరలో పెట్టండి.

ఎప్పుడైనా ఆడుతూ ఉన్న పిల్ల ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై, దగ్గలేక, ఏడవలేక పోతే, పాపకు ఏడాది దాటింది కాబట్టి ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి గెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. పిల్ల బలంగా దగ్గగలుగుతుంటే మాత్రం దగ్గనివ్వండి. మీ ఆయన, అత్తగారు కూడా ఇది చదివేలా చూడండి.

క్రిస్మస్‌కి లైట్లు వెలిగే బొమ్మలు కొంటారు కదా, వాటిలోని బటన్ బ్యాటరీ నాణెంలాగే ఉంటుంది కానీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మూతకు స్క్రూ లేని బొమ్మలు కొనకండి.

రెండోది పొగ. భోగిమంట దగ్గరికి బాబును తీసుకెళ్లాలన్న ఆశ మీ వారికి ఉంటుంది. ఇప్పుడు మంటల్లో పిడకలు, కట్టెలతో పాటు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగులేసిన చెక్కలు కూడా పడుతున్నాయి. రెండుసార్లు పిల్లికూతలు వచ్చిన పిల్లవాడికి ఆ పొగ ఒక్క పది నిమిషాలు చాలు. దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడి చూపించి లోపలికి తీసుకొచ్చేయండి. పాపకు తలస్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తామంటే, చేతులు జోడించి అయినా సరే, వద్దనండి. మస్కిటో కాయిల్ బదులు దోమతెర కట్టండి. చలి అని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకూడదు. బెంగళూరు ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే దానికీ ఇదే మాట. గాలి ఆడని బాత్రూంలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, మనిషి స్నానం చేస్తూనే కుప్పకూలిపోతాడు. ఇక అరిసెల మూకుడు, వేడినీళ్ల బకెట్ ఉన్న చోటికి పిల్లల్ని రానివ్వొద్దు. ఒకవేళ కాలితే 20 నిమిషాలు పంపు నీళ్ల కింద ఉంచండి, టూత్‌పేస్టు, ఇంకు పూయకండి.

ఇప్పుడు మీ మందుల సంచి. దగ్గు సిరప్‌లు పెట్టుకోవద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందును 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులోనే దేశంలోని ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ 2 ఏళ్ల లోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు ఇవ్వనే వద్దని, 5 ఏళ్ల లోపు వాళ్లకు కూడా సాధారణంగా వద్దని మళ్లీ చెప్పింది. ఆ వార్త చదివి కూడా ఇంట్లో మిగిలిన సీసా మూత తీసే అమ్మలున్నారు. రాత్రంతా పిల్ల దగ్గుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఏడాది దాటింది కాబట్టి ఇద్దరికీ పడుకునే ముందు అర చెంచా తేనె నాకించండి. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె చుక్క కూడా ఇవ్వకూడదు. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి, గోరువెచ్చని నీళ్లు తాగించండి. దగ్గు కఫాన్ని బయటికి తోసే పని చేస్తోంది.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన అది అవసరమని కాదు. నెబ్యులైజర్ మిషన్ కూడా కొనకండి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం)తో ఇన్‌హేలర్ అంతే బాగా పనిచేస్తుంది, సంచిలో పడుతుంది, కరెంటు అక్కర్లేదు. బాబుకు అది కావాలో వద్దో, ఎన్ని పఫ్‌లో మీ డాక్టర్ చేత రాయించుకుని వెళ్లండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒకటే చాలు. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే బాబుకు ఒక్కసారికి 150 నుంచి 225, పాపకు 90 నుంచి 135. సీసా మీద చూడండి, 5 మి.లీ.లో 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. ఊళ్లో మందుల షాపులో రెండో రకం ఇచ్చినప్పుడు పాత కొలతతో పోస్తే డోసు రెట్టింపవుతుంది. అందుకే ఇక్కడి సీసానే పట్టుకెళ్లండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఉండాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా పెట్టుకోండి. చలికాలంలో రోటా వైరస్ విరేచనాలు ఎక్కువ. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

ఊళ్లో ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి? పిల్ల నిద్రలోనో, నెమ్మదిగా ఉన్నప్పుడో పొట్ట మీద బట్ట తీసి, ఫోన్‌లో టైమర్ పెట్టి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి 5 ఏళ్ల వాళ్లలో 40, ఆ పైన ఉంటే వేగంగా ఉన్నట్టు. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతున్నా, పెదాలు నీలంగా మారినా, తాగలేకపోతున్నా, పిలిస్తే మందకొడిగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా రాత్రి ఎంత అయినా ఆగొద్దు. తెనాలిలో పిల్లల డాక్టర్ ఎవరున్నారో, రాత్రి ఎక్కడ చూస్తారో దిగిన రోజే మీ వారిని కనుక్కోమనండి.

చివరగా మీ గురించి. ప్రశ్నలో ఒక్క వాక్యమే రాశారు కానీ నేను దాన్ని రెండుసార్లు చదివాను. రెండు నెలలుగా రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి పగలు అరవకపోతే ఆశ్చర్యపోవాలి. ఊళ్లో పదిమంది ఉంటారు, అక్కడ కూడా మీరే రాత్రంతా మేలుకోనక్కర్లేదు. అర్ధరాత్రి దాకా మీరు, ఆ తర్వాత మీ వారు అని ఇప్పుడే మాట్లాడుకోండి. మధ్యాహ్నం పాపను అత్తగారి పక్కలో పడుకోబెట్టి, మీరు వేరే గదిలో తలుపేసుకుని ఒక గంట నిద్రపోండి. పిల్లలిద్దరూ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, దాదాపు రోజూ ఏడుపు రావడం రెండు వారాలు దాటి ఉంటే ప్రయాణం దాకా ఆగకుండా డాక్టర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బాబును చూపించడానికి వెళ్లినప్పుడు ఆ డాక్టర్‌కైనా ఈ సంగతి చెప్పండి.

– పిల్లల వైద్య నిపుణురాలు, బెంగళూరు