బీకామా, బీబీఏనా?

ప్రశ్న: ఇంటర్ సీఈసీ పూర్తయింది. మాది ఇందుకూరుపేట మండలం, నాన్నకు రెండు రొయ్యల గుంటలున్నాయి. నాకు బీబీఏ, ఆపైన ఎంబీఏ చేయాలని ఉంది. నాన్న బీకాం చాలంటున్నారు. ఎంబీఏలు చేసినవాళ్లే ఖాళీగా ఉన్నారు, బీబీఏ ఎందుకని బాబాయి అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ బాబాయి మాటను కొట్టిపారేయలేం. బీబీఏ పట్టా చూసి ఎవరూ మేనేజర్ సీట్లో కూర్చోబెట్టరు. మూడేళ్లు చదివి బయటికొస్తే ముందు దొరికేవి ప్రైవేటు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, షోరూముల్లో చిన్న ఉద్యోగాలు, అందులోనూ ఎక్కువ భాగం టార్గెట్లతో సేల్స్ పని. అది చేయగలనా అని ముందు నిన్ను నువ్వు అడుగు.

బీకాంలో అకౌంట్లు, పన్నులు లోతుగా చెబుతారు. బీబీఏలో అకౌంట్లతో పాటు మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఫైనాన్స్ అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. సీఏ, సీఎంఏ లాంటి అకౌంటెన్సీ కోర్సుల ఆలోచన ఉంటే నాన్న చెప్పిందే మేలు. నలుగురితో మాట్లాడి పని చేయించడం, సరుకు అమ్మడం ఇష్టమైతే బీబీఏలో చేరు. బ్యాంకు ఆఫీసరు (పీవో) పరీక్షకి, గ్రూప్స్‌కి ఏ డిగ్రీ అయినా ఒకటే, దాని గురించి బెంగ వద్దు.

కాలేజీ దగ్గర మాత్రం జాగ్రత్త. 2024-25 నుంచి బీబీఏ కూడా ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పరిధిలోకి వచ్చింది కాబట్టి ఆ అనుమతి ఉందో లేదో చూసుకో. ఫీజు కట్టకముందే ఒకరోజు వెళ్లి ఫైనలియర్ పిల్లల్ని పక్కకు పిలిచి, ఇంటర్న్‌షిప్ నిజంగా చేశారా, లేక సర్టిఫికెట్ మాత్రం తెచ్చిపెట్టారా అని అడుగు. గేటు దగ్గర ఫ్లెక్సీలో ఫొటోల కన్నా వాళ్ల మాట నమ్ము.

ఇక ఎంబీఏ. మన రాష్ట్రంలో ఎంబీఏ సీట్లకి పెట్టే ఐసెట్ అంటే 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగటివ్ మార్కులు లేవు. ర్యాంకు పెద్దగా రాకపోయినా ఎక్కడో ఒకచోట సీటు దొరుకుతుంది, అలా దొరికిన చోటల్లా చేరినవాళ్లే మీ బాబాయి చూసిన ఖాళీ ఎంబీఏలు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి మంచి సంస్థలో చేరితే ఆ లెక్క వేరు. 2015 నుంచి విశాఖలోనే ఐఐఎం ఉంది, కానీ ఫీజు లక్షల్లో ఉంటుంది, లోను తప్పకపోవచ్చు. అందుకే డిగ్రీ అవ్వగానే ఎంబీఏకి పరిగెత్తొద్దంటాను. ఒకటి రెండేళ్లు ఎక్కడైనా పనిచేసి వెళితే క్లాసులో చెప్పేది ఒంటబడుతుంది, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ ఏదో ఒకటి ఉంటుంది.

ఇంకొక మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. నువ్వు చదవబోయే మేనేజ్‌మెంట్ మీ గుంట గట్టు మీదే ఉంది. కిలోకి ముప్ఫై తూగే రొయ్యకి ఒక రేటు, వంద తూగేదానికి ఇంకో రేటు. ఇంకో పది రోజులు ఆగితే రొయ్య సైజు పెరుగుతుంది, ఆ పది రోజుల మేత, కరెంటు, డీజిలు ఖర్చూ పెరుగుతుంది, ఈలోపు జబ్బు తగిలితే మొత్తం పోతుంది. ఎప్పుడు పట్టాలి? ఈ లెక్క మీ నాన్న ఏళ్ల తరబడి మనసులోనే వేస్తున్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ రొయ్య రేటు ఎలా పడిందో మీ ఇంట్లో చూసే ఉంటావు. అది పుస్తకంలో చదివి అర్థం చేసుకునేవాళ్లకి, అనుభవించిన నీకు చాలా తేడా ఉంది.

కాబట్టి అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఒక పని చెయ్యి. నాన్న నోట్‌బుక్ అడిగి తీసుకుని, కిందటి పంటకి రొయ్య పిల్ల ఎంతకి తెచ్చారు, మేత ఎన్ని బస్తాలు పట్టింది, అప్పు మీద తెచ్చిన మేతకి వడ్డీ ఎంత పడింది, పట్టుబడిలో ఎన్ని కిలోలు ఏ రేటుకి పోయాయి, అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించు. కిలో రొయ్య పెంచడానికి ఎంతయిందో తేలుతుంది. ఆ పని చేస్తుంటే ఉత్సాహం వస్తే ధైర్యంగా బీబీఏలో చేరు. షీటు నాన్నకి చూపించి అప్పుడు అడుగు, సీటు సంగతి.